నమూనా ఎక్కడిది?

పద్నాలుగు నెలల తర్వాత
నా జేబులో మళ్ళీ ఒక తాళంచెవి.
నడుస్తుంటే తొడకి తగిలి గుర్తుచేస్తుంది,
నువ్విక ఏ ఊరికీ పోవడంలేదని.

తార్తూ. ఏటి ఒడ్డున సూపుపేట.
బంగాళాదుంప వీధి, బఠాణీ వీధి, చిక్కుడు వీధి.
పేర్లు నేను పెట్టినవి కావు, బోర్డులు చూసుకోండి.
చిక్కుడు వీధిలో ఉండే యాగుప్‌కి
చిరునామా రాసినప్పుడల్లా ఆకలట.
నాది పై వాటా. చెక్క గోడలు.
అవతలి గదిలో కెర్తు దగ్గితే
ఇవతల నా గ్లాసులో నీళ్ళు కదులుతాయి.

గోడపొయ్యి వెలిగించడం ఇంటావిడ హెల్యు నేర్పింది:
"బిర్చి బెరడు కింద, కట్టెలు పైన.
ఊదకు. అదే అంటుకుంటుంది. పోయి చదువుకో."
చదువే ఇంకా అంటుకోవడంలేదు.

క్లాసులో అందరూ నాకన్నా రెండేళ్ళు చిన్న.
ఖనిజాల పేర్లు గడగడా అప్పజెప్తారు.
నాకు నోటికొచ్చినవి వేరే:
క్వీన్స్‌లాండ్‌లో అరటిగెల భుజానికెత్తుకునే ముందు
సాలీళ్ళు రాలేలా ఎటు తట్టాలో,
కిర్గిజ్ కనుమ ఎక్కి తెమిర్‌బెక్ లారీ ఆవిర్లు కక్కితే
ఇంజను చల్లబడేలోపు ఎంత పుచ్చకాయ తినొచ్చో,
ఆరే ఆరు మాటలతో పదకొండు రోజులు ఎలా గడపాలో.

ఆ ఆరు మాటలూ నజీబ్రోలా ఇచ్చినవి.
స్వనేతి కొండల్లో మంచుకి దారి మూసుకుపోతే
వాళ్ళింట్లోనే ఉండిపోయాను.
రొట్టె, ఆవు, మంచు, రేపు, తిను, చాలు.
'చాలు' నేను బాగానే పలికేదాన్ని,
ఆవిడకే ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.
దారి తెరిచిన పొద్దున
నా బూట్లకి పందికొవ్వు పట్టించి
గుమ్మంలో జంటగా నిలబెట్టింది,
అవే వెళ్ళిపోతాయన్నట్టు.

"ఎలా ఉండేది అక్కడంతా?" అంటుంది కెర్తు.
"బావుండేది."
ఇంకో మాట కోసం కాసేపు చూసి
పాస్తా వార్చుకుంటుంది.

వీపుసంచిలో ఇప్పుడు దుంపలున్నాయి.
మూడు కిర్గిజ్ నాణేలు
కుంటి బల్ల కాలికింద.
మూడోవారం కూడా నేను అదే కుర్చీలో కూర్చున్నాను,
ఎవరూ చెప్పకుండానే.

మొన్న మట్టిశాస్త్రం టీచరు ఐలి
"మీ ఇంటి దగ్గరి మట్టి, చెంచాడు పట్టుకురండి" అంది.
ఒకడు అమ్మమ్మ దుంపతోటది, ఒకతె సారెమా దీవి ఇసక,
యాగుప్ నిస్సిగ్గుగా పూలకుండీలోది.
నేను రాత్రి ఎడమ బూటు ఒళ్ళో పెట్టుకుని
ఫోర్కుతో కుట్లన్నీ గీకాను.
చెంచాడు కాలేదు. ముప్పావు.

సీసాలో వేసి, నీళ్ళు పోసి, మూతపెట్టి ఊపమంది.
ఊపాను. అంతా ఒకటే రంగు, చల్లారిపోయిన టీలా.
నిమిషంలో ఇసక దిగింది.
సాయంత్రానికి ఒండ్రు.
బంకమన్ను మాత్రం అంత తేలిగ్గా దిగదట,
రోజులు పడుతుందట.
"కదపొద్దు. అదే తేరుకుంటుంది" అంది ఐలి,
నాతో కాదు, క్లాసుతో.

చీటీ మీద ఒక గడి: నమూనా ఎక్కడిది?
అందరూ ఊరి పేరు రాసేశారు.
క్వీన్స్‌లాండ్ ఎరుపు ఇందులో ఎంత,
నజీబ్రోలా వాళ్ళ దొడ్డి నలుపు ఎంత,
నిన్న బఠాణీ వీధి మలుపులో తొక్కిన బురద ఎంత
అని పెన్ను కొరికి కొరికి
చివరికి "ఎడమ బూటు" అని రాశాను.
ఐలి చదివి, నవ్వకుండా,
"మరి కుడిది?" అంది.

ఇవాళ నాలుగో రోజు.
సీసా కిటికీలో ఉంది, పైన ఇంకా ఎర్రటి మసక.
కట్టెల వంతు నాది.
షెడ్డు దాకా దిగి, తలుపు ముందు
అలవాటుగా పాస్‌పోర్టు కోసం జేబు తడుముకుంటే
చల్లగా తాళంచెవి.

షెడ్డుది ఇది కాదు.
మళ్ళీ పైకెక్కాలి.