నీలం డబ్బా

బర్కా దాటినంక తారు రోడ్డు
ఇసుకల ఇగిరిపోయే కాడ
సుబ్బరాయుడన్న గడ్డి తోట.
మీటరుకు ఆరు వందల బైసలు.
బజార్ల ఎవ్వడూ ఆ ధరకియ్యడు.
నాలుగేండ్లు కొన్న, ఒక్కసారన్న అడగలే
ఎట్ల గిట్టుతదే అన్నా, అని.
అగ్గువకు దొరికినప్పుడు
నోరు దానంతటదే మూసుకుంటది.

ఆ వారం సోహార్ విల్లా ఆర్డరు,
మూడు వందల మీటర్లు,
బేస్తారం పొద్దుగూకేసరికి పరచాలె.
ట్రాలీ తీస్కొని రాత్రే పోయిన.
లైటు స్తంభం కింద ఒక పోరడు
నేలను చాప లెక్క చుట్టి చుట్టి పెడుతున్నడు,
వేర్లు బయటికి, నీళ్లు కారుకుంట.
మోకాళ్ల దాంక బురద. అరచేతులకు గుడ్డపేలికలు.
"ఏ ఊరు తమ్మీ?" అంటే
చుట్టు చూసి "కొమిల్లా" అన్నడు.
"జీతం?" అంటే
కత్తి నేలల గుచ్చి ఎనిమిది వేళ్లు చూపిండు.
ఎనభై రియాలనుకున్న.
"ఎనిమిది నెలలు" అన్నడు హిందీల. "బాకీ."

ఆఫీసు గదిల చాయ పోసిండు సుబ్బరాయుడన్న.
సొరుగు సగం తెరిచే ఉంది.
పచ్చ అట్టలు, ముదురు నీలం అట్టలు,
రబ్బరు బ్యాండేసి తమలపాకుల కట్ట లెక్క.
"పోగొట్టుకుంటారప్పా నా కొడుకులు.
భద్రంగా ఉంటాయని పెట్టినా."

చాయ నాలుక మీదనే ఆగింది.
ఆ మాట నాది.
పోయినేడు, రుస్తాక్ రోడ్డు గదిల,
లింబాద్రితోటి నేనన్నది,
ఒక్క అక్షరం తేడా లేదు.

ఇంటికొచ్చి అటక మీది బిస్కెట్ల డబ్బా దించిన.
బిస్కెట్లు ఎన్నడో ఒడిసినయి.
లోపట నాలుగు ఫోటోలు, నాలుగు పుట్టిన తేదీలు,
నావి కాని నాలుగు పేర్లు.
నేను కొట్టలే. నెలనెలా జీతమాపలే.
గందుకే నేను వేరే అనుకున్న.
మా అక్క పోయిన నాడు
నా పాస్‌పోర్టు అర్బాబు బీరువాల ఉండె,
తాళంచెవి అర్బాబు జేబుల, అర్బాబు దుబాయ్‌ల.
అది నాకు యాదికుంది.
డబ్బా మూత పెట్టేటప్పుడే యాదికి రాలే.

తెల్లారి నాలుగింటికి, నీళ్ల గొట్టాలు సదురుతుంటే
ఒక్కొక్కరి చేతిల పెట్టిన.
లింబాద్రి తీసుకోలే.
చేతులెన్కకు పెట్టుకున్నడు.
"ఏం తప్పు చేసిన సేటూ? పంపుతున్నవా?"

వాని వస్తువు వానికిస్తే
వానికి గెంటినట్టు కనబడ్డది.

ఇసుక బస్తా మీద కూసోబెట్టి అడిగిన,
"వీసాకెంత కట్టినవురా?"
కిందికి చూసిండు. ఒక చీమ గొట్టం దాటిపోయే దాంక చూసిండు.
"లక్షా ఇరవై, మెట్‌పల్లిల.
మీ బామ్మర్ది చేతులనే.
మూడు రూపాల మిత్తికి తెచ్చిన."
నేను తీసిన వీసా.
పైస తీసుకోవద్దని నేను చెప్పి పంపిన వీసా.

నోటుబుక్కుల రాసిన:
జీతం గాక నెలకు ముప్పై రియాలు, లింబాద్రికి, తీరే దాంక.
మిగిలిన ముగ్గురినీ అడగాలె.
అడగాలంటే భయమయితుంది.
బామ్మర్దితోటి మాటల్లేవు.
ఫోన్ల నా పెండ్లాం "ఊఁ" అంటది, అంతే.

విల్లా గడ్డి సువైక్‌ల కొన్న, తొమ్మిది వందల యాభై.
ముందుగాల పనోళ్ల గది చూపియ్యమన్న,
జీతాల చిట్టా చూపియ్యమన్న.
"గడ్డి కొననీకొచ్చినవా, పోలీసువా?" అని నవ్విండు.
చూపిండు, సగం.
ఆ సగంతోటే ట్రాలీ నింపిన.
ఆ ఆర్డరుల నాకు మిగిలింది డీజిలు వాసన.

లింబాద్రి ప్లాస్టిక్ కవరడిగిండు,
అంగి జేబుల చెమటకు తడుస్తదని.

కొమిల్లా పోరనికి ఆ రాత్రే
సిగరెట్టు పెట్టె చింపి నంబరు రాసిచ్చిన.
లేబర్ ఆఫీసుకు పోయి తోట పేరు చెప్పిన. రాసుకున్నరు.
"పోరని పేరు?" అన్నరు.
ఊరడిగిన, జీతమడిగిన.
పేరడగలే.

మొన్న రాత్రి ఒక్క రింగు, ఎత్తేలోపట ఆగింది.
తిరిగి చేస్తే ఎవరో ఎత్తిండ్రు, మాట్లాడలే.
ఎన్క స్ప్రింక్లర్ తిరుగుతున్న చప్పుడు.
"తమ్మీ" అన్న.
ఇంకేమని పిలవాల్నో తెల్వక
మళ్ల "తమ్మీ" అన్న.