గవాచి

మే నెల కడప. పగలు నలభై నాలుగు.
మైకు ముందు కూచున్నానంటే
ఇంట్లో మొదట ఆగేది సీలింగ్ ఫ్యాను,
తర్వాత ఫ్రిజ్జు, తర్వాత కిటికీ రెక్కలు.
చివరికి మిగిలేవి రెండు గొంతులు.
నాదొకటి,
బల్ల కింద బండ మీద కూచున్న నల్లడబ్బాది ఒకటి.

నేను చూపులేని పిల్లల కోసం
భూగోళం పాఠాలు చదువుతాను.
అదేమో ఎవరూ అడక్కపోయినా
గాలిని చదువుతూనే ఉంటుంది.

ఓబులేసు ఫోన్ చేశాడు:
"అక్కా, నాలుగో పాఠంలో ఎవురో నీ ఎనకాల
చాటతో వడ్లు చెరుగుతాండారు.
గంటన్నర చెరిగినారు,
ఒక్క గింజ రాల్లేదు."

సిగ్గేసింది.
డబ్బా లోపలంతా స్పాంజి అతికించాను,
ముందరి జల్లెడకు అట్ట మూశాను,
పైన దుప్పటి. నిజంగానే, దుప్పటి.
ఎంత నిశ్శబ్దం!
పదకొండు నిమిషాలు.
తర్వాత లోపలి మూడు ఫ్యాన్లూ ఒక్కసారే రంకె వేశాయి.
చెయ్యి పెడితే పెనం.
'పీఠభూములు' అన్న మాట దగ్గర
తెర నల్లబడి పాఠమంతా పోయింది.

సరే అని పక్కమూత ఊడదీశాను.
వేడి పోయింది, దుమ్ము వచ్చింది.
వారానికల్లా ప్రతి రెక్క మీదా ఎర్రగా ఒక పొర,
ఆ మట్టి మోస్తూ మునుపటికంటే పెద్దగా మూలుగు.

చిన్నచౌకు నుంచి దస్తగిరి వచ్చాడు,
చెవి మీద స్క్రూడ్రైవరు, జేబులో ఊదుబత్తులు.
వాసనకేమో అనుకున్నాను.
ఒకటి ముట్టించి డబ్బా ముందు పట్టుకున్నాడు.
పొగ లోపలికి దూరింది,
స్పాంజికి తగిలి, వైర్ల గుంపులో ఇరుక్కుని
ఏ బస్సెక్కాలో తెలియని మనిషిలా
అక్కడక్కడే తిరిగింది.
"చూసినారా మేడం?
ఊపిరాడనోడే గట్టిగా అరుస్తాడు.
నోరు మూస్తే ఊరుకోడు,
దారి ఇడిస్తే ఊరుకుంటాడు."

మూడు చిన్నవి పీకేసి
పిల్లోడి కంచమంత పెద్దవి రెండు బిగించాడు.
పెద్ద రెక్కకు తొందర అక్కర్లేదంట,
నిమిషానికి ఆరువందల చుట్లు చాలంట.
పాత సైకిల్ ట్యూబు కోసి మరల కింద వాషర్లు వేశాడు.
వైర్లన్నీ వెనక్కి జడ అల్లాడు.
"ముందర జాలీ ఆదివారం ఆదివారం కడగాల.
మరిచినారంటే నన్ను తిట్టగూడదు."
పోతూ పోతూ నెత్తిన చిన్న మూత తీసి
నా చేతిలో పెట్టాడు. ఇది ఇంక వద్దులే అని.

ఆ కన్నం చూడగానే
మైదుకూరు కాడ మా జేజి మట్టిమిద్దె.
పైకప్పులో గవాచి.
పొయ్యి పొగా, మనుషుల ఉడుకూ,
కోపంలో అన్న మాటలూ
అన్నీ దాంట్లోంచే పోయేవి.
వానొస్తే పరుగెత్తి పైన చట్టి బోర్లించడం నా పని.

మళ్లీ ఊదుబత్తి.
పొగ ముందు నుంచి తీరిగ్గా నడిచి
ప్రాసెసరును పలకరించి
నెత్తి మీంచి తాడులా లేచింది.
అరవై ఎనిమిది డిగ్రీలు.
చెవి ఆనిస్తే తప్ప చప్పుడు లేదు.

కొత్త పాఠం విని ఓబులేసు కాసేపు మాట్లాడలేదు.
"శుబ్బరంగా ఉందక్కా.
కానీ నువ్వు యాడుండావో తెలీడంల్యా.
ముందైతే ఒక గది ఉన్నింది.
ఎడంపక్క ఆ చెరుగుడు, కుడిపక్క గోడ.
ఇప్పుడు గొంతొకటే వస్తాంది,
గది రావడంల్యా."

ఈ మాట చెప్తే దస్తగిరి నవ్వలేదు.
గడ్డం గీరుకుని, "ఎనక ఫ్యాను
యాభై చుట్లు పెంచుదామా?" అన్నాడు.

ఓబులేసు వంద అంటాడు, నేను ముప్పై అంటాను.
ఇంకా తేలలేదు.

ఈరోజు ఆరో పాఠం, పవనాలు.
మీట నొక్కాను.
పక్క మిద్దె మీద హసీనాబీ
ఒడియాల మీది కాకుల్ని తోలుతోంది.
ఆ గొంతుకు మాత్రం
దస్తగిరి దగ్గర కూడా వాషరు లేదు.