కారని చోటు

బంగారుపాళెం దాటినాక, మొగిలి ఘాటుకు ముందర
గుట్ట కింద మూడు దినాలుగా నిలిచిపోయింది
నా డోజరు.
పసుపు రంగని కాగితాల్లో ఉండాది,
బండి మీద యాడా లేదు.

నిలిచిన చోటంతా నేల నల్లబడింది.
చీమలు చుట్టు తిరిగి పోతా ఉండాయి.
ఎర్రమన్ను చుక్కచుక్కా తాగేస్తా ఉంటే
ఓర్చుకోలేక కింద బొచ్చె పెట్టినా.
పొద్దున్నే చూస్తే బొచ్చె నిండా డీజిలు,
డీజిల్లో ఒక తూనీగ.

చిత్తూరు నుంచి నజీరు మేస్త్రీ వచ్చినాడు
మోపెడ్డు మీద, ముందర స్పానర్ల మూట,
ఎనక మనవరాలు. ఎండాకాలం సెలవులంట.
బండిని ముట్టుకోలేదు.
ముక్కుతో చూసినాడు ముందు.
"కడుగు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ జిడ్డు
కిరసనాయిలూ పాత బ్రష్షూ ఇచ్చి
నాతోనే గీకించినాడు.
పైటాలకి ఆ మడ్డి లోపల
నిజంగానే ఒక ఇంజను ఉందని తెలిసింది.

"పౌడరుందా?"
డోజర్లో పౌడరు యాడిది మేస్త్రీ?
సీటు ఎనక కాణిపాకం విబూది పొట్లం ఉండాది.
రొంతసేపు దాన్నే చూసి
"సామి ఏమీ అనుకోడులే" అని
అరచేతిలో పోసుకోని
పైపుల మీద, నట్ల మీద, పంపు నడుం మీద
ఉఫ్ అని ఊదినాడు.
బూడిద పూసుకున్న సన్నాసి మాదిరి అయింది ఇంజను.

స్టార్టరు కొట్టినా.
తెలుపు మీద ఒక తడి గీత, మూడో పైపు మొదట్లో,
ఎంట్రుకంత.
వేలు పెట్టబోతే చెయ్యి మీద కొట్టినాడు.
"దానికి సూది కంటే బలం. తోలు చీల్చుకోని పోతాది."
తన ఎడమ చూపుడువేలు ఎత్తి చూపించినాడు,
సగమే ఉండాది.
దాని కథ నేను అడగలేదు.

ఆ నట్టు బిగిచ్చినాడు. గీత పోయింది.
బొచ్చెలో పడే చుక్కలు మాత్రం
వాషర్ల కాడివంట. కొత్తవి తెస్తానంటే వద్దన్నాడు.
మామిడి పుల్లలు ఎగదోసి
రాగి వాషర్లని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసినాడు.
సుయ్, సుయ్, సుయ్.
పాప ఎంచతా ఉండాది: పన్నెండు తాతా.
"నలిగి నలిగి గట్టిపడుంటాయి.
గట్టిపడితే దేనికీ అతకవు. కాలిస్తే మళ్ళా మెత్తన."

కారడం ఆగింది. లుంగీ దులుపుకున్నా.
ఇంజను ఐదు నిమిషాలు తిరిగి
దగ్గి, చచ్చిపోయింది.

మేస్త్రీ నవ్వలేదు, తిట్టలేదు.
"కారేది చెప్పి కారతాది.
ఇంక కారని చోటు వెతకాల."
ట్యాంకుకీ పంపుకీ నడుమ, ఒక రబ్బరు గొట్టం.
పొడిగా ఉండాది, ముట్టుకుంటే చెయ్యి కూడా తడవదు.
బయటికి ఒక్క చుక్క ఇయ్యకుండా
లోపలికి గాలి పీలుస్తా ఉందంట, ఎన్నాళ్ళ నుంచో.

గొట్టం మార్చినాక, ఊరికే అన్నట్టు
నూనె కడ్డీ లాగినాడు.
పైగీత దాటి బెత్తెడు.
వాసన చూడమని నా ముక్కు కింద పెట్టినాడు.

నూనె తగ్గితే భయపడమని నేర్పినారు మాకు.
పెరిగితే భయపడాలని ఎవురూ చెప్పలా.
ఈ ఏడు చుక్క పొయ్యలేదు, నా బండి నూనె తాగదు అని
టీ అంగట్లో ఎంతమందికి చెప్పినానో.
పంపు లోపలి పొర చినిగి
డీజిలు కడుపులోకే కారతా ఉంటే
అది నా గొప్ప అనుకున్నా.

పొర మార్చి, నూనె మొత్తం దించినాడు. ముప్పై లీటర్లు.
నేను పోసింది ఇరవై రెండు.
"ఎనిమిది ఎక్కువ" అనింది పాప, అడగకముందే.

సందేలకి ఇంజను పలికింది.
ఆయన వినడానికి కూడా నిలబళ్ళా,
డబ్బులు ఎంచుకోకుండా జోబీలో పెట్టుకోని పోయినాడు.

పొట్లంలో మిగిలిన విబూది
నుదుట పెట్టుకోని ఇంటికి పోయినా.
"గుడికి పోయొచ్చినావా?" అనింది మా ఆడమనిషి.
ఊ అన్నా.
డీజిలు వాసన ఆమెకి తగల్లేదో,
తగిలీ ఊరుకునిందో.