ఈత వచ్చు

దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న: మీకు ఈత వచ్చా?
వచ్చు, అని రాశాను.
ఎప్పటికైనా రావచ్చు, అన్న అర్థంలో.

అప్పటికి మార్చి నెల. కొచ్కోర్‌లో కప్పుల మీద మంచు కరగలేదు.
ఐర్లండ్ పడమటి గట్టున ఆరు వారాలు,
ఆటుకీ పోటుకీ మధ్య తేలే రాళ్ల మీద
నాచు లెక్కపెట్టే పని.
ఎవరు పిలుస్తారులే అనుకున్నాను.
పిలిచారు.

మా కిర్గిజ్ నేల నుంచి ఏ దిక్కుకి నడిచినా
సముద్రం కంటే ముందు ఇంకో దేశం తగులుతుంది,
దాని వెనక మరొకటి.
నా పేరు బెర్మెత్. మా భాషలో ముత్యం.
ఇరవయ్యేళ్లొచ్చినా
సముద్రం మొహం చూడని ముత్యం.
ఆటుపోట్ల గురించి నాకు తెలిసిందంతా
పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ,
అదీ టీ ఒలికిన పేజీ.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు.
నాది అతికితే చాలదు,
తేలాలి.

బలిక్చీ బస్టాండులో టికెట్లు చింపే రైసా పెత్రోవ్నా
సరస్సు మీద ఓడలు తిరిగిన రోజుల్లో
సరంగులకి ఈత నేర్పిందట.
డబ్బులొద్దంది. వచ్చినప్పుడల్లా
ఓ సంచెడు బంగాళాదుంపలు తెమ్మంది.
"ఇస్సిక్-కుల్ ఏ చలికీ గడ్డకట్టదు," అంది నన్ను ఎగాదిగా చూసి,
"మనుషుల సంగతి నేను చెప్పలేను."

మొదటి మూడు శనివారాలు నీళ్ల ఊసే లేదు.
వెయిటింగ్ హాల్లో బల్ల మీద బోర్లా పడుకోబెట్టి
చేతులు తిప్పించింది, కాళ్లు ఆడించింది,
కిటికీలోంచే చిల్లర లెక్కపెడుతూ
"మోకాళ్లు మడవకు!" అని కేకేసింది.
నారిన్ బస్సు కోసం వచ్చినవాళ్లు
నా పాదాల దగ్గర మూటలు దించుకుని కూచున్నారు.
తెల్ల టోపీ ముసలాయన ఒకడు
చాలాసేపు చూసి, మర్యాదగా,
"ఎంతదాకా వచ్చావమ్మా?" అని అడిగాడు.

ఇంటి దగ్గర పెట్టె సర్దుడు.
పక్కింటి తినార్ అరువిచ్చిన పెట్టెకి
నాలుగు చక్రాల్లో మూడే ఉన్నాయి.
ఉన్ని తూచే కాటాకి దాన్ని వేలాడగట్టి
"ఇరవైమూడు," అన్నాడు నాన్న
బేరమాడే గొంతుతో.
ఇరవై దాటకూడదు.
రెండు కిలోల కురుత్, ఎండి రాళ్లైన పెరుగుండలు,
తీస్తే అత్తకి కోపం. ఉంచితే విమానానికి కోపం.
గొర్రెబొచ్చు చెప్పులు తీశాను. మళ్లీ పెట్టాను.
మా తమ్ముడు ఎర్కిన్ ఒక్కమాటా మాట్లాడకుండా వెళ్లి
ట్రాక్టరు టైరు ట్యూబు పట్టుకొచ్చి
గాలి తీసి, మడిచి,
స్వెటర్ల కింద దూర్చేశాడు.
ఇరవైయేడు.

మే నెల ఆఖర్న
పడమటి గాలి తెరిపిచ్చిన ఒక పూట
రైసా నన్ను నీళ్లలోకి దింపింది.
చలి కాదది. ఎవరో ఎముకల్ని పేరుపెట్టి పిలిచినట్టుంది.
వీపు కింద తన అరచెయ్యి.
ఆకాశం వైపు చూడు, అంది, నా వైపు కాదు.
చూశాను. కొండల మీద మంచు తలకిందులుగా కనిపించింది.
తన మాట దూరంగా ఎందుకు వినిపిస్తోందో
చప్పున తట్టలేదు.
తట్టగానే మునిగాను.

"ఏడంకెలు తేలావు," అంది, జుట్టు పట్టి లేపి.
"నీళ్లు ఉప్పగా ఉన్నాయే!" అన్నాను దగ్గుతూ.
"ఇది ఏపాటి ఉప్పులే. అక్కడ ఇంకా ఎక్కువ.
అక్కడ నువ్వు పదిదాకా తేలతావు."

నిన్న రాత్రి వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం.
రబ్బరు బూట్లు మేమే ఇస్తాం.
వానకోటు తప్పక తెచ్చుకోండి.
పనిలో ఎవరూ మోకాలి లోతు దాటి
నీళ్లలో దిగనవసరం లేదు.

రెండుసార్లు చదివాను.
రైసాకి చెప్పదలచుకోలేదు.
ప్రయాణం మంగళవారం.
మధ్యలో ఇంకో శనివారం ఉంది,
దుంపలు కడిగి సంచిలో వేసి ఉంచాను.