రెండో కుర్చీ

ఉద్యోగం కాగితంలో నా పేరు పక్కన
కోచ్ అని లేదు.
"టీముతో ప్రయాణించుటకు స్త్రీ తోడు" అని ఉండాది.
అనంతపురం టోర్నమెంటుకు ఆడపిల్లోళ్ళు పోవాలంటే
ఒక ఆడమనిషి వెంట ఉండాలని రూలు.
దామోదరం సార్ నన్ను పిలిచింది అందుకు.
నేను ఆడిన ఏడేళ్ళ ఆట
ఆ కాగితంలో యాడా లేదు.

అట్లా మొదలు.
తెల్లారి నాలుగున్నరకు చిత్తూరు బస్టాండులో
రెండు బంతులు, ఒక డజను అరటిపండ్లు,
కండక్టరుతో కన్సెషన్ కోసం కొట్లాట.
మూడో ఏడు పేరు మారింది. అసిస్టెంట్ కోచ్.
గౌరవ వేతనం అట్నే ఉండాది,
గౌరవం మాత్రం ఒక మెట్టు ఎక్కిందంట.

అసిస్టెంట్ అంటే ఏం చేస్తావే అని మాయమ్మ అడిగింది.
బంతికి గాలి కొట్టేది.
ఎంత గాలి ఉండాదో బొటనవేలితో చెప్పేది.
రింగుకు నెట్టు లేకపోతే
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాడ పారేసిన నైలాను తాడు ఏరుకొచ్చి
పన్నెండు కొక్కేలకు అల్లేది.
షబ్రీన్ ఎడమ మోకాలు ఎప్పుడు అబద్ధం చెప్తాదో,
లోకేశ్వరి రాత్రి అన్నం తినిందో లేదో
ఎగిరే ఎత్తును బట్టి కనుక్కునేది.
కనుక్కున్నది సార్ చెవిలో వేసేది.
దాన్ని గట్టిగా అరిచేది ఆయన పని.
గెలిస్తే పేపర్లో ఫొటో వస్తాది.
దాంట్లో ఎడమ అంచున ఒక మోచెయ్యి ఉంటాది.
అది నాదే.

పదకొండేళ్ళు.
దామోదరం సార్ రిటైరై గ్రీమ్స్‌పేటలో ఎరువుల అంగడి పెట్టినాడు.
తర్వాతాయన రెండింతల జీతానికి వేలూరు పోయినాడు.
ఆ తర్వాతాయనకు ప్రిన్సిపాలుతో పడలేదు.
"నీ టైము వస్తాదిలే దేవసేనా" అని ముగ్గురూ చెప్పినారు.
చెప్పి, తాళాలు నా చేతిలో పెట్టి పోయినారు.

వచ్చింది. ఒక్క శనివారం.
కొత్త సార్ ఇంకా చేరలేదు,
మదనపల్లి టీము బస్సు దిగేసింది.
ఒక పాయింటు వెనక ఉన్నాం. ఇరవై రెండు సెకన్లు.
టైమౌట్ అని అరిచిన గొంతు నాదేనని
కాసేపటికి గానీ తెలీలేదు.
అయిదు మొహాలు, చెమట, అన్నీ నా తట్టు.
ఏం చెప్పాలో తెలుసు.
అలవాటు కొద్దీ వొంగి
పక్క కుర్చీ చెవిలో చెప్పినా.

కుర్చీలో ఎవురూ లేరు.
ఒక నీళ్ళ బాటిలు, మడిచి పెట్టిన నా చున్నీ.

పిల్లోళ్ళు నవ్వలేదు.
షబ్రీన్ ఆ బాటిలు తీసి కింద పెట్టి
కుర్చీలో కూర్చుని, తల వంచి,
"ఇంగోసారి చెప్పు మేడమ్" అనింది.

బంతి పడిందా అని అడగతారు అందరూ.
రింగు మీద అది రెండు చుట్లు తిరిగింది.
నేను అల్లిన నెట్టు
ఏడో కొక్కెం కాడ తెగి ఉండాదని
అప్పుడు చూసినా.

సోమవారం కొత్త సార్ వచ్చినాడు.
నాకంటే చిన్నోడు, బెంగుళూరులో కోర్సు చేసినాడంట.
మంచోడే. కుర్చీ లాగి ముందు నన్ను కూర్చోమన్నాడు.
తాళాలిచ్చి చెప్పినా:
స్టోరు తలుపు పైకెత్తి తొయ్యాల సార్, ఊరికే తోస్తే రాదు.
మూడో బంతి వాల్వు వదులు.
షబ్రీన్ మోకాలి సంగతి మాత్రం చెప్పలేదు.
రెండు దినాలు పోనీ,
ఆయప్పనే చూడనీ.