ఆరడుగుల రెండంగుళాలు

ఫిల్మ్ చాంబర్ల, అద్దాల పెట్టెల పండుకున్నడు
భుజంగరావు సారు.
జనం ఎనకాల స్తంభానికి ఆనుకొని నిలబడ్డ.
ఆడికెల్లి ఆయన కనురెప్పకు
తొమ్మిదడుగుల నాలుగంగుళాలు.
అడగకముందే కన్ను కొలుస్తది, ఏం జెయ్యను,
ఇరవై రెండేండ్లు గదే నా బతుకు:
లెన్సుకు, మొఖానికి నడుమ
టేపు గుంజి పట్టుకునుడు.

నా పేరు మొగులయ్య. యూసుఫ్‌గూడ బస్తి.
సారు ఆ పేరు ఒక్కసారి గూడ పలుకలే.
"ఒరేయ్ టేపూ" అనేటోడు.
మనసు మంచిగున్ననాడు "టేపు గారూ" అనేటోడు,
గప్పుడే ఎక్కువ భయమయ్యేది.

ఖాజాగూడ గుట్టల మీద ఒక్క మబ్బు కోసం
పదకొండు దినాలు కూసోబెట్టిండు మమ్మల్ని.
నిర్మాత పెండ్లాం గాజులు అమీర్‌పేట మార్వాడీ దగ్గరికి పోయినయి,
మబ్బు రాలే.
పన్నెండోనాడు వచ్చింది.
"ఇది కాదు" అన్నడు.

హేమనళినిని ముప్పై సార్లు ఏడిపించిండు.
ముప్పై ఒకటోసారికి ఆమె కండ్లల్ల నీళ్లు అయిపోయి
ఎండిన మొఖంతోటి గోడను చూసుకుంట ఊకున్నది.
"అదీ" అన్నడు, "ఇప్పుడు కట్."
ఆ షాటుకు ఢిల్లీకెల్లి పతకం వచ్చింది.
ఆమె మల్ల ఆయన గడప తొక్కలే.
ఇయ్యాల గూడ రాలే. పొద్దటిసంది చూస్తనే ఉన్న.

నా కనుబొమ్మ మీద మూడు కుట్లున్నయి:
స్టీలు గ్లాసు, మసిలే చాయ్, అంగుళం తప్పు.
క్షమాపణ ఆయన రాసిన ఏ సీన్ల లేకుండె.
తెల్లారి నేను కట్టుతోటి పోయేదాక మాత్రం
ఎనభై మందిని ఎండల నిలబెట్టిండట,
"వాడు లేకపోతే నాకు మొహాలు కనబడవు" అని.
లైట్లు మోసే పెంటోజి చెప్పిండు.
నా ఎదురుంగ అనలే.

గిట్ల ఓర్సుకున్నయి శాన. ఒక్కటి ఓర్సుకోలే.

ఒకనాడు దగ్గరికి పిలిచి
"మీ అమ్మ నిన్ను ఎలా తిడుతుందిరా?" అన్నడు.
మురిసిపోయి చెప్పిన:
"నీ బొంద మీద బంతిపూలు పుయ్య, బువ్వ తిని పోరా!"
చిన్న నోట్‌బుక్కుల రాసుకున్నడు.

ఆర్నెల్లకు సినిమా వచ్చింది.
అవ్వను తోలుకొని క్రాస్‌రోడ్స్‌ల మ్యాట్నీకి పోయిన.
మా అవ్వ మాట వచ్చింది,
గళ్ల లుంగీ రౌడి నోట్లకెల్లి, కత్తి తిప్పుకుంట.
బువ్వ సంగతి కోసేసిండు.
హాలంత పడి పడి నవ్వింది.
హీరో, హీరోయిను, జడ్జి, గుళ్లె పూజారి
అందరిదీ కృష్ణ ఒడ్డు మాటనే.
అవ్వ చీకట్ల నా చెయ్యి దొరకబట్టుకొని
"గిండ్ల నవ్వెటందుకు ఏమున్నది బిడ్డా?" అన్నది.

మర్నాడు కొత్త సినిమా, క్లోజప్.
ఆరడుగుల రెండంగుళాలు.
రింగు మీద నా వేళ్లు జరంత జారినయి.
హీరోయిన్ మొఖం పొగమంచుల కలిసిపోయింది,
ఎనక గోడ మీది క్యాలెండర్‌ల
అమాసనాటి నల్లచుక్క గూడ కనబడ్డది.

రషెస్ చూసి సారు మాట్లాడలే.
సిగరెట్ వేళ్లు కాలేదాక తాగిండు.
"ఉంచండి" అన్నడు.
జ్ఞాపకం చెరిగిపోవడాన్ని ఆ మసకలో పట్టుకున్నాడని
పేపరోళ్లు రాసిన్రు.
సినిమా చదివే పిల్లలకు పాఠం చెప్తరట ఇప్పుడు.

పోయిన నెల, సోమాజిగూడ దవాఖాన.
ముక్కుకు పైపు. చెయ్యి చీపురుపుల్ల.
"టేపూ, ఆ రోజు నీ చెయ్యి జారిందా? జార్చావా?"
నేను సెలైన్ దిక్కు చూసిన. బొట్టు. బొట్టు.
"చెప్పకు" అన్నడు. "బాగుంది."
ఏది బాగున్నదో అడగలే.

ఇప్పుడు పెట్టె చుట్టు కెమెరాలు.
పోరగాండ్ల చేతుల మిషిన్లు
మొఖాన్ని వాటంతటవే ఎతుక్కుంటున్నయి.
అయినా టేపు నా జేబుల ఉన్నది,
తుప్పు వాసనతోటి.

ఎవరో గంపెడు బంతిపూలు తెచ్చి
అద్దం మీద కుమ్మరించిన్రు.
అవ్వ యాదికొచ్చింది. నవ్వు ఆగలే.
ముందు వరుసల ఎవరో పెద్దమనిషి మిర్రి చూసిండు.
స్తంభం దిక్కు మల్లిన.
తొమ్మిదడుగుల దూరంల ఉన్నోడు
మెల్లగ మసకైతున్నడు.

గిది నేను జార్చింది గాదు, సారూ.