మైకు మూతి

కటక్ రేడియో ఒడియాలో చెబుతుంది,
విశాఖ రేడియో తెలుగులో చెబుతుంది,
మధ్యలో రామయ్యపట్నం ఇసక మీద
రేకుల షెడ్డులో నేను.
ఏడో తరగతి దాకా ఒడియా బడి నాది,
ఇంట్లో అమ్మ తిట్టే తిట్లన్నీ తెలుగు.
అందుకే ఈ మైకు నాకిచ్చారు.
నెలకి తొమ్మిదొందలు, తుఫాను నెలలో కూడా అంతే.

బ్లాకాఫీసు నుంచి ఫోను వస్తుంది:
"తిని నంబర్ స్థానీయ సతర్క సంకేత."
మూడో నంబరు హెచ్చరిక, అంటాను నేను.
గోపాల్‌పూర్ రేవులో ఆ మూడు కొయ్య మీద వేలాడుతుంది,
ఇక్కడ నా గొంతులో.
వాయవ్య బంగాళాఖాతం, దాన్నానుకొని పశ్చిమ మధ్యం,
గంటకి నలభై అయిదు నుంచి యాభై అయిదు కిలోమీటర్లు,
ఉండుండి అరవై అయిదు.
ఆ "ఉండుండి" నాది. కాగితంలో వేరే మాట ఉంది.
అరుగు మీద వల బాగుచేసే పోలమ్మ ముసలికి
ఉండుండి అంటేనే తెలుస్తుంది.
ఆమె మొగుడు ఉండుండి వీచిన గాలికే పోయాడు.

అంకెలు ఎవరూ వినరు నిజానికి.
"కొండగాలా, ఈదరా? అది సెప్పు ముందర" అంటారు.
కాగితంలో గాలికి దిక్కుంటుంది, వేగం ఉంటుంది,
గుణం ఉండదు.
కొండగాలి వల ఆరబెట్టి పోతుంది.
ఈదర అలా కాదు,
పిలవని చుట్టంలా వచ్చి చూరు పట్టుకుంటుంది.

ఆ కార్తీకంలో ఒకనాడు
ఎల్లాజీ మావ, అతని బావమరిది గురవయ్య,
పదిహేనేళ్ళ చిన దానయ్య
చీకటితోనే పోయారు. ఫోను పదిన్నరకి వచ్చింది.
"వేటకు వెళ్ళరాదు" అని చదివాను,
వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళకి.
కింద రెండో వాక్యం ఉంది:
"సముద్రంలో ఉన్నవారు వెంటనే ఒడ్డుకు రావలెను."
చదవబోతూ తలెత్తాను.
మైకు మూతి ఊరి వైపుంది.
బిగించిన నాటి నుంచీ ఊరి వైపే ఉంది.
నీళ్ళలో ఉన్నవాళ్ళకి చెప్పాల్సిన మాట
ఇన్నేళ్ళూ చేపలెండబెట్టే ఆడవాళ్ళకి చెబుతున్నాను.

నిచ్చెన వేసి ఎక్కాను.
బోల్టు తుప్పు పట్టి ఉంది, రాయితో కొట్టాను,
వేలు చితికింది, మూతి తూర్పుకి తిరిగింది.
దిగొచ్చి ప్రకటన చదవలేదు.
ఎల్లాజీ మావా, అన్నాను. గురవయ్యా.
ఒరే దానయ్యా, మీ అమ్మ పొయ్యి వెలిగించలేదురా.
ఎదురుగాలి. ప్రతి పేరూ కెరటం దాకా పోయి
మళ్ళీ మా మొహాల మీదే పడింది.

రాత్రికి ఒడియా కాగితంలో ముగ్గురూ ఎక్కారు:
జాడ తెలియనివారు.
అదే రాత్రి నీటి లాగుడుకి దక్షిణంగా పోయి
బాహుదా మొగ దాటి
డొంకూరు ఇసక మీద బోర్లా పడ్డారు.
ఆంధ్రా కాగితంలో ఎక్కారు:
ఒడ్డు చేరినవారు.
తెల్లారేదాకా ఆ ముగ్గురూ
ఒక రాష్ట్రంలో లేరు, ఒక రాష్ట్రంలో టీ తాగుతున్నారు.
రెండు కాగితాలూ చదవగలదాన్ని ఊళ్ళో నేనొక్కత్తినే.
రెండోది నాకెవరూ పంపలేదు.

మర్నాడు ఎల్లాజీ మావ బస్సు దిగాడు,
కాళ్ళకి చెప్పుల్లేవు, పడవ లేదు.
మైకు వినబడిందా అనడిగాను.
"నేదమ్మా. నీటి రంగు మారింది,
మెడెనకాతల సల్లగా తగిలింది.
వల కోసీమన్నాను. కుర్రోడు ఏడిసేడు, కొత్త వల."
బీడీ సగం కాలాక అడిగాడు,
"ఏటని పిలిసేవు?"
పేర్లు, అన్నాను.
మిగతా సగం మాట్లాడకుండా కాల్చాడు.

సమితి సెక్రెటరీ తిట్టాడు, మూతి ఊరి వైపు తిప్పమన్నాడు.
బోల్టు కదలడం లేదని చెప్పాను.
అది అబద్ధం.

ఈ పొద్దుటి కాగితం:
గాలి సాధారణం, అలలు ఒక మీటరు, హెచ్చరిక ఏదీ లేదు.
హెచ్చరిక లేని రోజు చదవక్కర్లేదు.
చదివాను, తూర్పుకి.